ఒక చేతికి ముప్పై క్లచ్ లివర్లు

ఇరవై రెండేళ్లు మోటారుసైకిల్ నడిపాను. తెనాలి సందుల్లో నేర్చుకున్నాను. ఢిల్లీలో ఉద్యోగం వచ్చాక బస్సులకూ ఆటోలకూ మధ్య సందులు వెతుక్కుంటూ నడిపాను. ఎండలో, వానలో, ముందున్న లారీ కూడా కనపడని పొగమంచులో నడిపాను. ఒక్కసారి కూడా కింద పడలేదు. చివరికి, దీపావళి ముందు ఇల్లంతా దులిపి కడిగే ఇక్కడివాళ్ల అలవాటు నాకూ అంటుకుని, ఫ్యాను రెక్కలు తుడుస్తూ ప్లాస్టిక్ స్టూలు మీంచి పడ్డాను. ఎత్తు అడుగున్నర. ఎడమ మణికట్టు రెండు చోట్ల విరిగింది.

చూడ్డానికొచ్చినవాళ్లంతా ఒకటే మాట: "ఇంక ఆ బండి మానెయ్యండి." స్టూళ్లు ఎక్కడం మానెయ్యమని గానీ, ఫ్యాన్లు తుడవడం మానెయ్యమని గానీ ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పక్క ఫ్లాటు ఆంటీ పళ్లెంలో లడ్డూలు పెట్టుకొచ్చి, నా కట్టు వంక జాలిగా చూసి, "ఆడపిల్లవి, నీకు ఆ బరువు బండి ఎందుకు బేటా" అంది. నాకప్పుడు నలభై ఆరేళ్లు. "నేను పడింది స్టూలు మీంచి ఆంటీజీ" అన్నాను. "అదే కదా నేను చెబుతున్నది" అంది. ఏది అదో నాకు ఇప్పటికీ తెలియదు. లడ్డూలు మాత్రం బాగున్నాయి.

ఆపరేషన్ చేసి లోపల ఒక ప్లేటు, ఏడు స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది. కానీ ఉంగరం వేలూ చిటికెన వేలూ సగం దాకా మడుచుకుని అక్కడితో ఆగిపోతున్నాయి. పిడికిలి బిగించమంటే చూపుడు వేలూ మధ్య వేలూ పాపం పని చేస్తాయి. మిగతా రెండూ భోజనాల వేళ తరవాత సర్కారీ దఫ్తరులో జనంలాగా కూర్చుని చూస్తుంటాయి. ఆ మాట అనే హక్కు నాకుంది, నేను పని చేసేదీ కేంద్ర ప్రభుత్వ దఫ్తరులోనే. "బాగవుతుందా డాక్టర్?" అని అడిగితే, "అవచ్చు. ముందు ముందు ఇంకా బిగుసుకుపోనూవచ్చు. ఇప్పుడే చెప్పలేం" అన్నాడు. చెప్పలేననే మాటకు వెయ్యి రూపాయలు ఫీజు తీసుకున్నాడు. ఆ ప్రశ్న మళ్లీ ఎవరినీ అడగలేదు నేను. డబ్బుల కోసం కాదు.

ఇక్కడ నా బండి గురించి చెప్పాలి. మూడు వందల యాభై సీసీ, నల్లది, పే కమిషన్ ఎరియర్స్ వచ్చినప్పుడు నా పేరు మీద నేను కొనుక్కున్నది. ఘాజియాబాద్‌లో మా సొసైటీ గేటు నుంచి ఢిల్లీలో మా ఆఫీసు గేటు దాకా ముప్పావుగంట ప్రయాణం. ఆ ముప్పావుగంట నన్ను ఎవరూ మేడమ్ అనరు, మమ్మా అనరు, ఏమేవ్ అని పిలవరు. ఫోను మోగినా వినపడదు. రోజు మొత్తం మీద నాకు దక్కే సమయం అదొక్కటే. అది పోతే నాకు మిగిలేది ఏమిటో నాకు బాగా తెలుసు: వేరేవాళ్ల చంకలకింద నిలబడి మెట్రోలో పోవడం, ఇంటికొచ్చి ఫ్యాన్లు తుడవడం.

చిక్కంతా క్లచ్‌తో. మోటారుసైకిల్‌కి ఎడమచేతి పిడి ముందు ఒక లివర్ ఉంటుంది. దాన్ని వేళ్లతో లాగితేనే గేరు పడుతుంది. లాగి పట్టుకుంటేనే బండి గేరులో ఉండి కూడా సిగ్నల్ దగ్గర కదలకుండా ఆగుతుంది. మామూలు మనుషులు నాలుగు వేళ్లతో లాగుతారు. నాకు పని చేసే వేళ్లు రెండు. కట్టు విప్పి, ఏడు నెలలు ఫిజియోథెరపీ చేయించుకుని, ఒక ఆదివారం పార్కింగ్‌లో బండెక్కి లివర్ లాగితే సగం కూడా రాలేదు. పన్నెండో క్లాసు చదివే మా అమ్మాయి పక్కనే నిలబడి చూసి, "మమ్మా, స్కూటీ లే లో నా" అంది, క్లచ్ లేని స్కూటీ కొనుక్కోమని. తెలుగులో చెబితే నాకు అర్థం కాదని కాబోలు.

కరోల్ బాగ్‌కి వెళ్లాను. మోటారుసైకిల్ సామాన్లకు ఉత్తర భారతమంతా అక్కడికే వస్తుంది. పుర్రె బొమ్మల అద్దాలు దొరుకుతాయి, గుర్రం సకిలించినట్టు మోగే హారన్లు దొరుకుతాయి, పెట్టాక చప్పుడు ఇంకా ఎక్కువయ్యే సైలెన్సర్లు దొరుకుతాయి. రెండు వేళ్ల ఆడమనిషికి క్లచ్ లివర్ మాత్రం దొరకదు. పన్నెండొందలకు ఒక అడ్జస్టబుల్ లివర్ చూపించారు. దాన్ని పిడికి దగ్గరగా జరపొచ్చు గానీ, లాగడానికి కావలసిన బలం అంతే. ఇంకో దుకాణదారు విదేశీ లివర్ ఒకటి ఫోనులో చూపించి ధర చెప్పాడు. ఆ ధరకి నాకు ఇంకో చెయ్యి కొనిపెడతారేమో కనుక్కోవాలనిపించింది. కడకు ఒక పెద్దాయన, "ఇది బజారులో దొరికే వస్తువు కాదు మేడమ్, చేయించుకోవాలి. మీ ఘాజియాబాద్‌లోనే ఒక ఉస్తాద్ ఉన్నాడు" అని చెప్పాడు.

ఇప్పుడు మా ఆయన గురించి. నోయిడాలో ఒక కంపెనీలో పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కి పెద్ద. అమ్మేవాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వాళ్లు చెప్పిన ధరను సగానికి దించి పంపడం ఆయన వృత్తి. ఇంటికొచ్చాక అదే ఆయన వినోదం. కొబ్బరిబోండాల వాడితో నెలవారీ కాంట్రాక్టు మాట్లాడిన మనిషి భూమ్మీద మా ఆయన ఒక్కరే అయివుంటారు. ఇద్దరం కలిసి ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. ఆయనను తీసుకెళ్లడం నా బుద్ధితక్కువ.

ఉస్తాద్‌ది రేకుల షెడ్డు. లోపల ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషీను, గోడంతా ఆకురాళ్లు. మనిషికి యాభై దాటి ఉంటాయి, మాట నెమ్మది. మేం బండి గురించి చెబుతుంటే వినలేదు. "హాథ్ దిఖాయియే" అన్నాడు. చెయ్యి చాపాను. చూసి, లేచి పక్కనున్న టీ బండి దగ్గరికి వెళ్లి, పరాఠాలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద అడిగి తెచ్చాడు. దాన్ని ఒక ఇనప గొట్టానికి చుట్టి, "బండి హ్యాండిల్ అనుకుని పట్టుకోండి మేడమ్‌జీ" అన్నాడు. పట్టుకున్నాను. పిండిలో రెండు లోతు గాడులు, రెండు గీతలు పడ్డాయి. ఆ పిండి ముద్దను ఆయన చూసినంత శ్రద్ధగా నా ఎక్స్‌రేను డాక్టరు చూడలేదు.

"పొద్దున బిగుసుకుంటుందా, సాయంత్రమా?"

"పొద్దున. చలిలో మరీను" అన్నాను. ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

"అయితే చలి మొదలయ్యాక పొద్దున్నే రండి. ఒక్కటి చెయ్యడానికి ఎనిమిది వేలు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లకో సరైన ప్రత్యర్థి దొరికాడు.

"బ్రేకప్ ఇవ్వండి" అన్నారు.

"అంటే?"

"మెటీరియల్ ఎంత, లేబర్ ఎంత, మీ మార్జిన్ ఎంత?"

"అల్యూమినియం మూడొందలుంటుంది సాబ్."

"మరి మిగతా ఏడు వేల ఏడొందలు?"

ఉస్తాద్ కోప్పడలేదు. పాత లివర్ ఒకటి తీసి చూపించాడు. వైరు తగిలించే బెజ్జం ఇరుసుకు దగ్గరగా జరిపితే లాగడం తేలికవుతుంది, కానీ క్లచ్ పూర్తిగా వదలదు, వదలాలంటే లివర్‌ను పిడికి తాకేదాకా లాగాలి. దూరంగా జరిపితే బాగా వదులుతుంది, కానీ బలం కావాలి. ఈ రెండింటి మధ్య ఎక్కడో మేడమ్ చేతికి కుదిరే చోటుంది. "అది ఎక్కడో నాకు తెలీదు సాబ్. ఒకటి చేస్తాను, కుదరదు. ఇంకోటి చేస్తాను, కుదరదు. మూడోదో నాలుగోదో కుదురుతుంది. ఆ కుదరనివాటి ఖరీదు అది."

"మీ రిజెక్షన్లకు నేనెందుకు కట్టాలి?"

"రిజెక్షన్ కాదు సాబ్. కొలత తీసుకోవడమంటే అదే."

"సరే, యాభై చేస్తే ఒక్కోటి ఎంతకిస్తారు?"

ఉస్తాద్ మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "యాభై చెయ్యొచ్చు సాబ్. ఇలాంటి చేతులు యాభై ఎక్కడున్నాయి?"

కారెక్కగానే మా ఆయన నవ్వారు. "చూశావా? మూడొందల సరుకు. ఎనిమిది వేలు! పరాఠా పిండితో కొలతలు తీస్తాడట, ఏడ్చినట్టే ఉంది." అబద్ధం ఎందుకు చెప్పాలి, గుప్పెడంత అల్యూమినియం ముక్కకు ఎనిమిది వేలంటే నాకూ ఎక్కువే అనిపించింది. మా ఆయన్ని తిట్టుకుంటూ ఇదంతా రాస్తున్నాను గానీ, ఆ రోజు కారులో నోరు మూసుకున్నది నేనే.

ఆ ఆదివారం సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద నా చేతికి ఇంజినీరింగ్ జరిగింది. మా ఆయన ఆఫీసు నుంచి వెర్నియర్ కాలిపర్ తెచ్చిపెట్టుకున్నారు, వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే పరికరం. నేను వేణ్నీళ్ల స్నానం చేసి, వేడి టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. వేలు వేలునా కొలిచి లాప్‌టాప్‌లో డ్రాయింగ్ గీశారు. తేలిగ్గా ఉండాలని బెజ్జాన్ని ఇరుసుకు బాగా దగ్గరగా పెట్టారు. అన్ని కొలతల పక్కనా ప్లస్ ఆర్ మైనస్ పాయింట్ జీరో ఫైవ్ అని రాశారు. నా చేతికి ప్లస్సూ మైనస్సూ ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏవండీ, పొద్దున చలిలో చెయ్యి ఇలా ఉండదు" అన్నాను.

"చెయ్యి చెయ్యే కదే. పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ ఉంటాయా?"

నోయిడాలో కంప్యూటర్ మెషీన్ల మీద పార్టులు చేసేవాడొకడు దొరికాడు. వాడికి చెయ్యి అక్కర్లేదు, డ్రాయింగ్ చాలు. ఒక్కటే కావాలంటే మెషీను సెట్ చేసే ఖర్చుతో కలిపి ఐదు వేలన్నాడు. ముప్పై తీసుకుంటే ఒక్కోటి ఆరొందల యాభై. మా ఆయనకు ఆ సంఖ్య వినగానే ప్రాణం లేచొచ్చింది. ఐదు వేల వస్తువును ఆరొందల యాభైకి దించిన ఘనత! మొత్తం పందొమ్మిది వేల ఐదొందలు. ఎనిమిది వేలు దండగని పందొమ్మిదిన్నర వేలు పెట్టి ఆదా చేశారు. ఈ లెక్క అర్థం కావాలంటే పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో పాతికేళ్లు పని చెయ్యాలి.

"మిగతా ఇరవై తొమ్మిదీ ఏం చేద్దామని?"

"అమ్మేస్తాం. బండ్లవాళ్ల గ్రూపుల్లో పెడితే ఎగరేసుకుపోతారు. నీది ఫ్రీగా వచ్చినట్టే."

ఢిల్లీ చుట్టుపక్కల తెలుగు రైడర్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. నలభై మంది బొటనవేళ్లు చూపించారు. "సూపర్ అన్నా" అన్నవారు పదిమంది. ఒకతను మాత్రం, "అన్నా, ఇది రెండు వేళ్లవాళ్లకేనా, మామూలోళ్లకి కూడా పనికొస్తదా?" అని మర్యాదగా అడిగాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆ అట్టపెట్టె మా బాల్కనీలో వాషింగ్ మెషీను మీద తిష్ఠ వేసింది.

లివర్లు మాత్రం ఏం అందంగా ఉన్నాయో! ఎర్రగా నిగనిగలాడుతూ, ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా లేకుండా. నవంబరు మొదటి వారంలో ఒకటి బిగించుకుని బండి తీశాను. అప్పుడింకా ఎండ వెచ్చగానే ఉంది. లివర్ వచ్చింది, గేరు పడింది. లివర్‌ను పూర్తిగా పిడికి ఆనేదాకా లాగాల్సొస్తోంది గానీ, లాగగలిగాను. పదమూడు నెలల తరవాత ఆఫీసుకు బండి మీద వెళ్లాను. హెల్మెట్ లోపల పాటలు పాడుకుంటూ వెళ్లాను. మా ఆయన వారం రోజులపాటు ఇంట్లో ఛాతీ విరుచుకుని తిరిగారు.

డిసెంబరు వచ్చింది. రోజు రోజుకూ పొద్దునపూట చెయ్యి బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఆఖరి అంగుళం దగ్గర వేళ్లు ఆగిపోయేవి. క్లచ్ పూర్తిగా వదలక బండి సిగ్నళ్ల దగ్గర ముందుకు పాకేది. బ్రేకు మీద నిలబెట్టి నెట్టుకొచ్చాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. "స్కూటీ" అనే మాట తండ్రీకూతుళ్ల నోళ్లలోంచి ఒకేసారి వస్తుంది. నా ముప్పావుగంట నా చేతిలోంచి పోతుంది. అందుకని బాత్రూములో కుళాయి వేడినీళ్ల కింద చెయ్యి పెట్టుకుని, వేళ్లను బతిమాలుకుని, తిట్టుకుని, దొంగలాగా బయల్దేరేదాన్ని.

జనవరి రెండో వారం, ఆనంద్ విహార్ దాటాక ఒక సిగ్నల్. ఎర్ర లైటు పక్కన నూట అరవై సెకన్లని చూపిస్తోంది. న్యూట్రల్ వెయ్యబోయాను, క్లచ్ పూర్తిగా వదలకపోవడంతో పడలేదు. లివర్‌ను అలాగే లాగి పట్టుకున్నాను. నూట పది దాకా పట్టుకున్నాను. తొంభై దగ్గర మధ్యవేలు జారింది. బండి ఒక్క ఉరుకున వెళ్లి ముందున్న ఈ-రిక్షాను గుద్ది నన్ను కుడిపక్కకు పడేసింది. రిక్షాలో మనుషులు లేరు, కాలీఫ్లవర్లున్నాయి. అవన్నీ రోడ్డంతా దొర్లాయి. మోకాలు దోక్కుపోయింది. చెయ్యి ఎక్కడా తగల్లేదు. రిక్షావాడు నన్ను లేపి కూర్చోబెట్టి ఆ తరవాతే కాలీఫ్లవర్లు ఏరుకున్నాడు, దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి. ట్రాఫిక్ పోలీసు వచ్చి, బండి లేపించి, ఎంతో దయగా, "మేడమ్, స్కూటీ లే లీజియే" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన నా మోకాలు చూసి సంగతంతా అడిగి తెలుసుకున్నారు. భోజనం చేసి, లాప్‌టాప్ తీసి, బండి ఫోటోలు పెట్టి అమ్మకానికి ప్రకటన ఇచ్చారు. అరగంటలో ఫోనొచ్చింది. ఆదివారం ఒకతను చూడ్డానికి వస్తానన్నాడు.

"నా బండి అమ్మడానికి మీరెవరండీ?" అన్నాను. గొంతు పక్క ఫ్లాటు దాకా వెళ్లే ఉంటుంది.

"పోయినసారి చెయ్యి విరిగినప్పుడు మూడు నెలలు నీకు జడ వేసింది ఎవరే? బ్లౌజు హుక్కులు పెట్టింది ఎవరు? మళ్లీ ఆ చెయ్యే విరిగితే?" ఆయన లాప్‌టాప్ మూసేశారు. "నావల్ల కాదు. నేను చూడలేను."

ఆయన జడ వేసిన మాట నిజం. అడ్డదిడ్డంగా వేసేవారు, కానీ రోజూ వేశారు. నేను దెబ్బలాడటానికి సిద్ధమై కూర్చుంటే ఈ మనిషి భయపడి కూర్చున్నాడు. భయపడేవాళ్లతో ఎలా దెబ్బలాడాలో నాకు రాదు. ఆ రాత్రి ఇద్దరం గోడవైపు ఒకరు, కిటికీవైపు ఒకరు తిరిగి పడుకున్నాం.

అది బుధవారం. గురువారం పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టి, ఛోటా హాథీ అని ఇక్కడ పిలిచే చిన్న సామాన్ల వ్యాను మాట్లాడుకుని, బండిని అందులో ఎక్కించుకుని ఎనిమిదింటికల్లా ఉస్తాద్ షెడ్డు ముందు దిగాను. ఆయనకు నా మొహం గుర్తులేదు. చెయ్యి చూపించగానే, "అచ్ఛా, పొద్దున బిగుసుకునే చెయ్యి" అన్నాడు. బండికున్న ఎర్ర లివర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ నిలబడ్డాను.

"పని బాగుంది" అన్నాడు. "ఎవరి చేతికి చేశారు?"

ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. అందుకే మరీ తగిలింది.

ఉస్తాద్ పద్ధతి ఇది. ముందు నన్ను షెడ్డు బయట, గ్లౌజులు లేకుండా, ఇరవై నిమిషాలు స్టూలు మీద కూర్చోబెట్టాడు. స్టూలంటే నాకు భయమని ఆయనకేం తెలుసు. చలికి పళ్లు టకటకలాడుతుంటే టీ అడిగాను. "టీ తరవాత మేడమ్‌జీ. చెయ్యి వేడెక్కితే అబద్ధం చెబుతుంది." చెయ్యి బాగా బిగుసుకున్నాక బండెక్కించి లాగమన్నాడు. ఎక్కడ ఆగిందో చూసి సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. ఏ వేలు ముందు నొప్పి పుడుతుంది, నొప్పి కణుపు దగ్గరా అరచేతిలోనా, అన్నీ అడిగాడు. ఏడాదిపైగా ఆ చెయ్యి గురించి అందరూ నాకు సలహాలే చెప్పారు. ఆ చెయ్యిని ఎవరైనా ప్రశ్నలడగడం అదే మొదలు.

మొదటిది ఇనప ముక్కతో చేశాడు, తుప్పు కూడా గోకలేదు. తేలిగ్గా వచ్చింది, క్లచ్ వదల్లేదు. పక్కన పడేశాడు. రెండోదానికి మధ్యాహ్నమైంది. వదిలింది గానీ పది లాగులకే మణికట్టులో నిప్పు పెట్టినట్టయింది. అదీ పక్కన పడేశాడు. బండిని షెడ్డులోనే వదిలి, శుక్రవారం పొద్దున మళ్లీ వెళ్లాను, మళ్లీ స్టూలు, మళ్లీ చలి. మూడోదాన్ని చివర కత్తిరించి, పని చెయ్యని ఆ రెండు వేళ్లకు అడ్డం రాకుండా చేశాడు. మిగిలిన రెండు వేళ్లు ఆనేచోట ఆకురాయితో పల్లం తీశాడు. కొంచెం అరగదియ్యడం, లాగమనడం, మళ్లీ అరగదియ్యడం. అది దాదాపుగా కుదిరింది. "దాదాపు అంటే సిగ్నల్ దగ్గర పడిపోతారు" అని దాన్నీ పక్కన పడేశాడు. చక్కగా ఉన్న ముక్కను అలా విసిరేస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

శనివారం మా ఆయన కూడా నాతో కారులో వచ్చారు. "రేపు ఆ కొనేవాడొస్తున్నాడు, వాడికి ఏం చెప్పాలో తేలాలి కదా" అన్నారు. ఆ షెడ్డులో చేతులు కట్టుకుని, పరీక్ష హాలు బయట తండ్రిలాగా నిలబడ్డారు. నాలుగోది అల్యూమినియంతో చేశాడు. రంగు లేదు, మెరుపు లేదు, ఒకపక్క వంకర, ఒకపక్క పల్లం. బజారులో పెడితే వంద రూపాయలకు కూడా ఎవరూ ముట్టుకోరు. ఉస్తాద్ దాన్ని బిగించి, ఇంజను స్టార్ట్ చేయించి, ఫస్ట్ గేరు వేయించి, బీడీ ముట్టించుకున్నాడు.

"ఇది అయిపోయేదాకా పట్టుకోండి."

పట్టుకున్నాను. రెండు వేళ్లూ ఆ పల్లంలో కూర్చున్నాయి. బండి అంగుళం కదల్లేదు. ఆ మనిషి బీడీ అంత నిదానంగా ఎవరూ కాల్చరనుకుంటాను, మధ్యలో ఆగి దగ్గాడు కూడా. బీడీ అయిపోయింది. నా చెయ్యి ఇంకా పట్టుకునే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, సిగ్గేముంది. హెల్మెట్ పెట్టుకుని ఏడవొచ్చు, అదొక సౌకర్యం.

మా ఆయన ఫోను తీసి ఆ కొనేవాడికి రావద్దని చెప్పారు. నేను ఎనిమిది వేలు లెక్కపెట్టి ఉస్తాద్ చేతిలో పెట్టాను. ఆ మూడు కుదరని ముక్కలూ నేల మీద పడి ఉన్నాయి. వాటికి నేనెందుకు కట్టాలో ఆ క్షణంలో నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని.

"ఇది ఎన్నేళ్లు ఉంటుంది?" అన్నారు మా ఆయన. ఎంతైనా పర్చేజ్ వాళ్లు కదా.

"ఇదా? మనందరి కంటే ఎక్కువుంటుంది సాబ్." ఉస్తాద్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "మేడమ్ చెయ్యి సంగతే... ఇలాంటి చేతులు నేను కొన్ని చూశాను. రెండు మూడేళ్లలో ఇంకా బిగుస్తాయి. అప్పుడిది పనికిరాదు. ఫికర్ చెయ్యొద్దు, వస్తే మళ్లీ కొలిచి చేస్తాను."

నేను గ్లౌజులు వెతుక్కుంటున్నట్టు నటించాను. గ్లౌజులు నా చేతికే ఉన్నాయి.

మా ఆయన పర్సు తీశారు. మూడు వేలు తీసి ఆయన ముందు పెట్టారు. "దానికి అడ్వాన్స్ ఉంచండి."

"దానికి ఎంతవుతుందో ఇప్పుడు చెప్పలేను సాబ్. అప్పుడు చెయ్యి ఎలా ఉంటుందో, ఎన్ని చేసి పారెయ్యాలో."

"తెలియకపోయినా ఫరవాలేదు. ఎన్నయినా పారెయ్యండి. మీరు మాత్రం ఇక్కడే ఉండండి."

పెళ్లయి ఇరవై ఒక్కేళ్లు. ఈ మనిషి ధర తెలియని వస్తువు కొనడం నేను ఏనాడూ చూడలేదు. ఎవరికీ పైసా అడ్వాన్స్ ఇవ్వడం చూడలేదు. వేరే ఆడవాళ్లయితే మురిసిపోయేవారేమో. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాదిగా నేను మళ్లీ ఎవరినీ అడగకుండా దాచుకున్న ప్రశ్నకు, మూడు వేలు పెట్టి, బేరం కూడా ఆడకుండా, ఉస్తాద్ ముందే జవాబు చెప్పేశాడు మా ఆయన. నా చెయ్యి బాగవదని నాకంటే ముందే నమ్మేశాడు.

ఆ డబ్బు వెనక్కి తీసుకోండి అందామని నోరు తెరిచాను. ఉస్తాద్ అప్పటికే నోట్లు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. నేను ఆపలేదు.

"ఎక్కండి" అన్నాను మా ఆయనతో. కారు సంగతి అడగబోయి, నా మొహం చూసి మానేసి, వెనక కూర్చున్నారు. దారిలో పెద్ద సిగ్నల్ పడింది. ఎర్ర లైటు పక్కన నూట ఎనభై. ఫస్ట్ గేరులోనే ఉంచి క్లచ్ పట్టుకున్నాను. వెనకనుంచి నా భుజం మీదుగా ఆయన నా ఎడమచేతినే చూస్తున్నారని తెలుస్తోంది.

"నొప్పిగా ఉందా?" అన్నారు.

"లేదు" అన్నాను. ఆ రోజుకు అది నిజమే.